పేర్లు పడే వేళ: సినిమా తొలి నిమిషాల్లో సంగీతం, దృశ్యం పనిచేసే తీరు

సంక్షిప్తంగా: తెర మీద పేర్లు పడేటప్పుడు ప్రేక్షకుడి కన్ను అక్షరాలు చదవడంలో ఉంటుంది. అందువల్ల భావాన్ని మోసే పని ఎక్కువగా సంగీతం మీద, ఆ భావం దేని గురించో సూచించే పని దృశ్యం మీద పడుతుంది. తెలుగు థియేటర్లలో ఇదే సమయం కథానాయకుడికి స్వాగతం పలికే సమయం కూడా. కథకు సిద్ధం చేయడం, కథానాయకుడికి స్వాగతం పలకడం అనే ఈ రెండు పనులు ఒకదానికొకటి అడ్డుపడటం సినిమా పేరు ఆలస్యంగా పడటానికి ఒక ముఖ్య కారణం.

'పేర్ల దగ్గర్నుంచి చూడాలి' అన్న పట్టుదల తెలుగు ప్రేక్షకుల్లో చాలా పాతది. పేర్లు పడిపోయాక హాల్లోకి అడుగుపెడితే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరు కనిపిస్తారు. ఆ అలవాటుకు ఇప్పుడు పరీక్ష ఎదురవుతోంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సింగిల్ స్క్రీన్‌లోనైనా, గచ్చిబౌలి మల్టీప్లెక్స్‌లోనైనా, బొమ్మ మొదలై పావుగంటో అరగంటో గడిచాక గానీ సినిమా పేరు కనిపించని సందర్భాలు పెరిగాయి. కొన్ని చిత్రాల్లో నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లన్నీ చివరికి వెళ్లిపోయాయి. ఓటీటీలో పేర్లను దాటవేయడానికి ఏకంగా బటనే ఉంది. మరి అంత సులువుగా పక్కన పెట్టగలిగిన భాగానికి ప్రత్యేకంగా సంగీతం కట్టించడం, బొమ్మలు గీయించడం, గ్రాఫిక్స్ చేయించడం దేనికన్న సందేహం సహజంగానే వస్తుంది. ఆ నిమిషాలు ప్రేక్షకుడి మీద ఎలా పనిచేస్తాయో గమనిస్తే ఆ శ్రమ ఎందుకో అర్థమవుతుంది.

కన్ను చదువుతుంది, చెవి వింటుంది

హాల్లో దీపాలు ఆరేసరికి ప్రేక్షకుడి మనసు ఇంకా బయటే ఉంటుంది. ట్రాఫిక్, పార్కింగ్, టికెట్ వరుస, చేతిలోని ఫోన్ అన్నీ అతనితోపాటే సీట్లో కూర్చుంటాయి. కథ ఇంకా మొదలు కాలేదు, పాత్రలెవరో తెలియదు, ఎవరి పక్షాన ఉండాలో తెలియదు. అలాంటి స్థితిలో చెప్పిన తొలి సూచన మనసులో గట్టిగా నాటుకుంటుంది, ఎందుకంటే దాన్ని కాదనడానికి అతని దగ్గర ఇంకే ఆధారమూ ఉండదు.

పేర్లు పడేటప్పుడు తెర మీద చదవడం, చూడటం అనే రెండు పనులు ఒకేసారి జరగాలి. ఒక పేరు 3 సెకన్లు నిలిచిందంటే, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 72 ఫ్రేములు. 35 ఎంఎం రీళ్ల రోజుల్లో నాలుగున్నర అడుగుల ఫిల్ము. చదువు వచ్చినవారు కళ్లెదుట కనిపించిన అక్షరాన్ని చదవకుండా ఉండలేరు కాబట్టి, ఆ మూడు సెకన్లలో చూపు ముందుగా అక్షరాల మీదికే పోతుంది. వెనక ఉన్న దృశ్యానికి దక్కేది మిగిలిన చూపే. చెవికి ఇలాంటి పంపకం లేదు. ఆ సమయంలో సాధారణంగా సంభాషణలు ఉండవు గనుక, వినేదంతా సంగీతమే. తొలి నిమిషాల్లో భావం దృశ్యం కన్నా సంగీతం ద్వారానే ముందుగా చేరడానికి కారణం ఇదే.

చేరిన భావం దృశ్యంలోని వస్తువుకు ఎలా అంటుకుంటుందన్నది తర్వాతి ప్రశ్న. 1988లో సాండ్రా మార్షల్, అనబెల్ కోహెన్ అనే పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయంలో ఉపయోగపడుతుంది. రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న యానిమేషన్‌ను వారు వేర్వేరు సంగీతాలతో చూపించారు. సంగీతం మారినప్పుడు ఆ ఆకారాల స్వభావం గురించి చూసినవారి అంచనా కూడా మారింది. కేవలం గీతల్లాంటి ఆకారాలకే సంగీతం స్వభావాన్ని అంటగట్టగలిగినప్పుడు, మనిషి ముఖానికో ఖాళీ ఇంటికో అంటగట్టడం ఇంకా సులువు. సంగీతపు లయ ఏ వస్తువు కదలికతో కలుస్తుందో ఆ వస్తువు మీదికి చూపు మళ్లుతుందని, సంగీతంలోని భావం కూడా దానికే చెందినట్టు తోస్తుందని వారు వివరించారు. టైటిల్స్‌లో ఒక దెబ్బకు సరిగ్గా ఒక అక్షరం వచ్చి నిలవడం, ఒక తీగ మీటినప్పుడే ఒక దీపం వెలగడం అలంకారం కోసమే కాదు. ఏ వస్తువును గుర్తుపెట్టుకోవాలో ప్రేక్షకుడికి చెప్పకుండా చెప్పే పద్ధతి అది.

ఒకే షాట్, మూడు శబ్దాలు

ఒక ఉదాహరణ ఊహించి చూస్తే ఈ పనితీరు స్పష్టమవుతుంది. పాతబస్తీలో తెల్లవారుజాము. ఇరుకు గల్లీ. మూసి ఉన్న దుకాణం ముందు ఒక చెయ్యి వంగి తాళం తీస్తుంది. ఇనుప షట్టర్ పైకి లేస్తూ లేస్తూ సగంలో ఆగుతుంది. లోపలంతా చీకటి. ఇరవై సెకన్ల ఈ షాట్ మీద పేర్లు పడుతున్నాయనుకుందాం.

దీనికి సన్నాయి మీద మోహన రాగ ఛాయలు, వెనక డోలు మీద నడక లయ జోడిస్తే, అది ఒక కుటుంబ కథకు తొలి పేజీ అవుతుంది. తాళం తీసిన చెయ్యి ఇంటి పెద్దది. దుకాణం తరతరాల వ్యాపారం. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉండే ఉంటుంది. షట్టర్ సగంలో ఆగిందన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. అదే షాట్‌కు ఒక మంద్రస్వరాన్ని ఆపకుండా నిలిపి, దాని పైన వయొలిన్ల మీద పక్క స్వరాన్ని అప్పుడప్పుడు తాకించి వెనక్కి లాగితే, చూపంతా ఆ సగంలో ఆగిన షట్టర్ మీదికి, దాని కింది చీకటి మీదికి పోతుంది. ఆ చెయ్యి యజమానిదేనా అన్న అనుమానం పుడుతుంది. ఇక సంగీతమే లేకుండా పాల వ్యాను చప్పుడు, దూరంగా అజాన్, షట్టర్ గరగరలు మాత్రమే వినిపిస్తే, ఇది కట్టుకథ కాదు, ఎక్కడో నిజంగా జరుగుతున్నదే అన్న నమ్మకం కలుగుతుంది. తీసిన బొమ్మ ఒక్కటే, మూడు సినిమాలు మొదలయ్యాయి.

తిప్పి చూసినా సూత్రం నిలుస్తుంది. మొదటి సన్నాయినే ఉంచి, దృశ్యంలో దుకాణం బదులు కుర్చీలు పడిపోయి ఉన్న ఖాళీ పెళ్లి పందిరి చూపిస్తే, ఆ మంగళవాద్యమే గుండెను పిండుతుంది. సంగీతం, దృశ్యం ఒకే మాట చెప్పినప్పుడు ప్రేక్షకుడికి భరోసా కలుగుతుంది. వేర్వేరు మాటలు చెప్పినప్పుడు ఆ రెంటి మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలం పుడుతుంది. ఉత్తమమైన టైటిల్స్ ఎక్కువగా ఈ రెండో రకానికి చెందినవే. ఏడుపు దృశ్యానికి ఏడుపు సంగీతం, వర్షానికి వర్షపు రాగం జోడించేవి శుభ్రంగానే ఉంటాయి గానీ, కథలోకి లాగే బలం వాటికి తక్కువ.

ఇందులో ఎంత భాగం పుట్టుకతో వచ్చింది, ఎంత భాగం అలవాటైంది అన్నది వేరుగా చూడాలి. హఠాత్తుగా పెరిగే శబ్దానికి ఉలికిపడటం అన్నిచోట్లా ఉన్నదే. కానీ సన్నాయి వినగానే పెళ్లి గుర్తుకు రావడం, శుభపంతువరాళిలో విషాదం వినిపించడం గుళ్లు, కచేరీలు, రేడియో, ఏళ్ల తరబడి చూసిన సినిమాలు నేర్పినవి. ఈ చదువు లేని ప్రేక్షకుడికి అదే రాగం అందమైన స్వరాల వరుసగా మాత్రమే వినిపించవచ్చు. దేశమంతటా, విదేశాల్లోనూ విడుదల కావాలనుకునే హైదరాబాద్ చిత్రాలు టైటిల్స్‌లో రాగ సూచనలను తగ్గించి, ఎవరికైనా తెలిసే మంద్రధ్వనులను, డప్పుల మోతను పెంచుకోవడానికి ఇది ఒక కారణమని భావించవచ్చు.

1955లో తెరుచుకున్న రెండు దారులు

టైటిల్స్‌ను కళగా చూడటం మొదలైన చరిత్రలో 1955 ముఖ్యమైన సంవత్సరం. అప్పటిదాకా చాలా అమెరికన్ థియేటర్లలో పేర్లు పడేటప్పుడు తెర ముందు గుడ్డ పరదా ఇంకా మూసే ఉండేది. కథ మొదలయ్యాకే దాన్ని తొలగించేవారు. ఆ ఏడాది 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' అనే చిత్రానికి గ్రాఫిక్ డిజైనర్ సాల్ బాస్ రూపొందించిన టైటిల్స్‌లో నల్ల నేపథ్యం మీద తెల్లని పట్టీలు వచ్చి నిలిచి, మాయమై, చివరికి వంకర తిరిగిన ఒక చెయ్యిగా మారతాయి. దానికి ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్ సంగీతం తోడైంది. మాదకద్రవ్యానికి బానిసైన మనిషి కథ అది. ఒక్క పాత్ర కూడా కనిపించకుండానే బిగువు, విరుపు, ఉక్కిరిబిక్కిరి అన్నీ చేరిపోయాయి.

అదే ఏడాది కలకత్తాలో సత్యజిత్ రాయ్ తన తొలి చిత్రం 'పథేర్ పాంచాలీ'కి దీనికి పూర్తి భిన్నమైన దారి ఎంచుకున్నాడు. గరుకైన కాగితం మీద చేత్తో రాసిన బెంగాలీ అక్షరాలు, వాటికి రవిశంకర్ సంగీతం. కదలిక లేదు, చమత్కారం లేదు. పల్లెలో ఎవరో పాత రాతప్రతి విప్పి చదవబోతున్నట్టుగా ఆ కాగితపు గరుకుదనమే కథ ఏ మట్టిలో జరుగుతుందో చెప్పేస్తుంది.

సాల్ బాస్ ఆ తర్వాత దర్శకుడు హిచ్‌కాక్‌తో చేసిన పనిలో సంగీతం, దృశ్యం ఇంకా దగ్గరయ్యాయి. 'వెర్టిగో' (1958) టైటిల్స్‌లో ఒక స్త్రీ ముఖం, పెదవులు, కన్ను అతి దగ్గరగా కనిపించి, ఆ కంటి నుంచి సుడులు తిరిగే ఆకారాలు పుడతాయి. బెర్నార్డ్ హెర్మన్ సంగీతంలోనూ స్వరాల వరుసలు ఎదురెదురుగా, ఒకటి పైకి ఎక్కుతుంటే మరొకటి కిందికి దిగుతూ తిరుగుతాయి. ఎత్తు నుంచి చూస్తే కళ్లు తిరిగే మనిషి కథకు ఇంతకన్నా సూటి ప్రవేశం దొరకదు. 'సైకో' (1960)లో హెర్మన్ తీగ వాద్యాలు తప్ప మరేవీ వాడలేదు. నిలువుగా, అడ్డంగా దూసుకొచ్చే గీతలు పేర్లను ముక్కలు చేస్తుంటే ఆ తీగలు కోత కోసినట్టు సాగుతాయి. కత్తి కథలో చాలాసేపటికి గానీ రాదు. కోత మాత్రం తొలి నిమిషంలోనే మొదలైపోయింది.

నల్ల అట్ట నుంచి కంప్యూటర్ దాకా

తెలుగు సినిమా మద్రాసులో తయారైన దశాబ్దాల్లో టైటిల్స్ రూపాన్ని నిర్ణయించింది చాలావరకు ల్యాబ్ ఖర్చు. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో అక్షరాలు రాసి, వాటిని స్టాండుకు బిగించిన కెమెరాతో తీసి, ఒక ఫిల్ము బొమ్మను మరో ఫిల్ము మీద ముద్రించే ఆప్టికల్ ప్రింటర్‌లో దృశ్యంతో కలపాలి. కలిపిన ప్రతిసారీ ఫిల్ము నాణ్యత ఒక మెట్టు దిగజారుతుంది. రంగు మాసిపోయినట్టు, గింజలు గింజలుగా కనిపిస్తుంది. అందువల్ల కదలని బొమ్మల మీద అక్షరాలు రాసి సరిపెట్టుకోవడం తేలికైన మార్గంగా ఉండేది.

దృశ్యం కదలనప్పుడు భారమంతా సంగీతమే మోయాలి. పాత చిత్రాల టైటిల్ మ్యూజిక్‌లో తరచూ ఆ సినిమా పాటల పల్లవులే వాద్యాల మీద ఒకదాని తర్వాత ఒకటి వినిపించడం ఇందుకే. ఇది సోమరితనం కాదు, చాలా తెలివైన పద్ధతి. పేర్లు పడేటప్పుడు ఒకసారి చెవిలో పడిన వరస, గంట తర్వాత పాటగా వచ్చేసరికి ఎప్పటి నుంచో తెలిసినట్టు అనిపిస్తుంది. నాయిక దుఃఖంలో పాడబోయే వరస ముందే హుషారుగా వినిపించి ఉంటే, తర్వాత అది మందగించి వచ్చినప్పుడు పోయిందేమిటో మాటల అవసరం లేకుండానే తెలుస్తుంది.

అక్షరం విషయంలో తెలుగుకు తనదైన సమస్య, తనదైన సౌకర్యం రెండూ ఉన్నాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో గోడ కట్టినట్టు నిలుస్తాయి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి గనుక ప్రతి వరుసకూ ఎక్కువ చోటు కావాలి. కోసుగా, కర్కశంగా కనిపించాల్సిన నేరకథకు ఈ గుండ్రని లిపిని వంచడం కష్టం. అదే గుండ్రదనం కలం కదిలినట్టు గీత గీతగా విప్పి చూపడానికి ఎంతో అనువైనది. చిత్రకారుడైన బాపు 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యాక, గీత గీసే చెయ్యే సినిమాను కూడా నడిపించడం వల్ల అక్షరానికి, ఫ్రేముకు మధ్య ఉండే దూరం చెరిగిపోయింది. ఆయన రాత తర్వాత కంప్యూటర్ ఫాంట్లుగా కూడా వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ వసతులకు కొదవ లేదు, ఆప్టికల్ ఖర్చు లేదు. అయినా చాలా చిత్రాల్లో సినిమా పేరొక్కటే తెలుగులో పడి, మిగతా పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో సాగిపోవడం విచారించవలసిన విషయం. కథ మట్టిని సూచించే శక్తి ఉన్న ఒక సాధనాన్ని చేతులారా వదులుకోవడమే అది.

గుర్తు శబ్దాలు, హాలు చప్పుడు

భావాన్ని కొత్తగా పుట్టించడం ఒక పని. పాత భావాన్ని తట్టి లేపడం మరొకటి. వైజయంతీ మూవీస్ లోగోలో కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ శంఖం పూరించగానే, ఏవీఎం లోగో వరస వినిపించగానే కలిగేది ఈ రెండో రకం భావం. జేమ్స్ బాండ్ చిత్రాల్లో 1962 నాటి 'డాక్టర్ నో'తో మొదలైన తుపాకీ గొట్టం దృశ్యం, దానితో వచ్చే గిటార్ వరస ఇదే పద్ధతిలో దశాబ్దాలు పనిచేశాయి. తమిళంలో 1992లో వచ్చిన 'అన్నామలై'లో రజనీకాంత్ బిరుదు చుక్కచుక్కలుగా వెలిగే కార్డును దేవా సంగీతంతో చూపించారు. తర్వాతి చిత్రాల్లో అది ఆయన రాకకు ముద్రగా నిలిచిపోయింది.

తెలుగు కథానాయకుల బిరుదు కార్డులదీ ఇదే మార్గం. అయితే ఇక్కడ ఇంకొక శబ్దం తోడవుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పెద్ద హీరో చిత్రం తొలి రోజు మొదటి ఆటకు, పేరు పడేసరికి ఈలలు, కేకలు, గాల్లోకి ఎగిరే కాగితం ముక్కలు, తెర ముందు నృత్యాలు ఉంటాయి. ఆ హోరులో వీణ మీటు గానీ, తంబురా శ్రుతి గానీ వినిపించదు. హాలు ఎంత అరిచినా నిలవగలిగేవి బరువైన దెబ్బలు, మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస, గుంపు గొంతులు మాత్రమే. సంగీత దర్శకులు ఆ చోట అవే వాడటం అభిరుచి లోపం కాదు. వినబడే అవకాశం ఉన్నవి అవే.

చిక్కు ఇక్కడే వస్తుంది. కథానాయకుడికి స్వాగతం పలికే సంగీతం ప్రేక్షకుణ్ణి రెచ్చగొడుతుంది, గుంపులో ఒకడిని చేస్తుంది. కథకు సిద్ధం చేసే సంగీతం అతణ్ణి నిమ్మళింపజేసి, ఒంటరిగా తెరకు దగ్గర చేస్తుంది. రెండూ ఒకే మూడు నిమిషాల్లో జరగడం దాదాపు అసాధ్యం.

ఆలస్యంగా పడే పేరు

ఈ చిక్కుకు హైదరాబాద్ దర్శకులు కనుగొన్న మార్గాల్లో ఎస్.ఎస్. రాజమౌళి చిత్రాలు మూడు స్పష్టమైన నమూనాలు ఇస్తాయి.

'ఈగ' (2012)లో పేర్లు పడుతుండగా, నిద్రపోయే ముందు కథ చెప్పమని ఒక పాప తండ్రిని అడిగే మాటలు వినిపిస్తాయి. చనిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకోవడం అనే నమ్మశక్యం కాని సంగతిని, ఆ చిన్నపిల్ల గొంతు ముందే నమ్మదగినదిగా మార్చేస్తుంది. పడుకునే ముందు చెప్పే కథలో తర్కం వెతికేవారుండరు.

'బాహుబలి 2' (2017) సమస్య వేరు. మొదటి భాగం వచ్చి దాదాపు రెండేళ్లు గడిచాయి. జరిగిన కథను గుర్తుచేయాలి, అదే సమయంలో ఆ కథకు ఐతిహ్యపు బరువు ఇవ్వాలి. అందుకు మొదటి భాగంలోని ఘట్టాలను శిలల్లా గడ్డకట్టిన బొమ్మలుగా మలిచి, వాటి మధ్య నుంచి కెమెరాను నడిపించారు. యుద్ధంలో ఎత్తిన కత్తి ఎత్తినట్టే నిలిచి ఉంటుంది. కదిలేది చూపు మాత్రమే. ఎం.ఎం. కీరవాణి స్వరపరచిన 'ఒక ప్రాణం' పాట కాలభైరవ గొంతులో దాని మీదుగా సాగుతుంది. నిశ్చలమైన బొమ్మ, కదిలే గొంతు. మొదటి భాగంలో ఉరకలెత్తిన సన్నివేశాలే ఇక్కడ గుడి గోడ మీది శిల్పాల్లా, ఎప్పుడో జరిగిపోయి ఇక మార్చలేని సంగతుల్లా కనిపిస్తాయి. కట్టప్ప కత్తి దించిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎందుకన్నది తెలుసుకోవడానికి వచ్చిన ప్రేక్షకుణ్ణి ఉద్రేకం నుంచి దుఃఖం వైపు మళ్లించడం ఆ టైటిల్స్ సాధించిన పని, అదీ స్వాగతపు ఈలలు ఇంకా ఆగని హాల్లో.

'ఆర్ఆర్ఆర్' (2022)లో ఈ రెంటికీ భిన్నంగా కథ, నిప్పు, నీరు అనే మూడు ఉపోద్ఘాతాల తర్వాత, ఇద్దరు నాయకులు కలిసిన ఘట్టం మీద, సుమారు 40 నిమిషాలకు గానీ సినిమా పేరు పడదు. ఇద్దరు నాయకుల అభిమానులూ వేర్వేరుగా తమ స్వాగతాలు ముగించుకునే అవకాశం ఆ ఉపోద్ఘాతాల్లో దొరుకుతుంది. పేరు పడేసరికి హాలంతా ఒకే గుంపు అయి ఉంటుంది. పరిచయ వాక్యంగా ఉండవలసిన పేరు, ఒక ఘట్టానికి ముగింపు దెబ్బగా మారుతుంది. సంగీతం కూడా అక్కడ భావాన్ని నాటడం లేదు, అప్పటిదాకా పెంచిన భావాన్ని కోస్తోంది.

ఈ పద్ధతి అనుకరణలకు దారితీసింది. అయితే పేరును వాయిదా వేసినంత మాత్రాన బలం రాదు. ముందున్న ఘట్టం ఒక భావాన్ని పూర్తిగా కట్టి ఉండాలి. అలా లేనిచోట ఆలస్యంగా పడిన పేరు, మరచిపోయి గుర్తొచ్చాక వేసినట్టు ఉంటుంది.

పేర్లకు ముందు, పేర్ల తర్వాత

టైటిల్స్ ఖాళీ తెర మీద మొదలు కావు. ముందు సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది. పొగాకు దృశ్యాలు ఉన్న చిత్రాలకు 2012 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ఆరంభంలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, మరో 20 సెకన్ల హెచ్చరిక చూపాలి. తర్వాత నిర్మాణ సంస్థల లోగోలు, కృతజ్ఞతల కార్డులు వస్తాయి. ఆరోగ్య ప్రకటనలోని ఆసుపత్రి దృశ్యాల తర్వాత వచ్చే తొలి సంగీతం ముందు ఆ జ్ఞాపకాన్ని తుడవాలి. కొందరు దర్శకులు ఆ చోట కొన్ని సెకన్లు నల్ల తెర, నిశ్శబ్దం ఉంచడం ఇందుకు పనికొస్తుంది.

ఓటీటీలో పరిస్థితి వేరు. నెట్‌ఫ్లిక్స్ 2017లో ప్రవేశపెట్టిన 'స్కిప్ ఇంట్రో' బటన్ ఇప్పుడు ఇతర వేదికల్లోనూ కనిపిస్తుంది. దాని ప్రభావం ముందుగా ప్రతి భాగానికీ అవే టైటిల్స్ తిరిగి వచ్చే సిరీస్‌ల మీద పడింది. ఫోన్ స్పీకర్ల సమస్య ఇంకా లోతైనది. థియేటర్‌లో ఛాతీకి తగిలే మంద్రధ్వని ఫోన్‌లో అసలు పలకదు. భయం పుట్టించాల్సిన చోట పలుచని గీర మాత్రం మిగులుతుంది. వేణువు, వీణ, మనిషి గొంతు మాత్రం చిన్న స్పీకర్‌లోనూ రూపు కోల్పోవు. చాలామంది తెలుగు ప్రేక్షకులు ఫోన్‌లో సినిమా చూస్తున్న ఈ కాలంలో, టైటిల్స్‌లో గొంతుకు, మాటకు ప్రాధాన్యం పెరిగే అవకాశం ఉంది. బటన్ కూడా ఇదే దిశగా నెడుతోంది. విడిగా కోసి తీయగలిగిన టైటిల్స్‌నే అది దాటవేయగలదు. కథ సాగుతున్న సన్నివేశం మీదే, పాత్రలు మాట్లాడుతుండగా, దారిలో కనిపించే గోడల మీదో బస్సుల మీదో పడే పేర్లను దాటవేస్తే కథే పోతుంది కాబట్టి, రాబోయే చిత్రాల్లో పేర్లు విడి భాగంగా కాక సన్నివేశంలోనే కలిసిపోయి రావడం ఎక్కువ కావచ్చు.